మాఘంలో పెళ్ళి: పూలజాడీల్లో ఏ పండ్ల రెమ్మలు, ఏ కాయల గుత్తులు నిలుస్తాయి?

ప్రశ్న — వంశధార ఒడ్డు, గుణుపురం

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లాలోని గుణుపురం. రానున్న మాఘమాసంలో మా చెల్లెలి పెళ్ళి జరగనుంది. మండపాన్ని డెకరేషన్ వారికి అప్పగించాము. భోజనాల హాల్లో బల్లల మీద ఉంచవలసిన పన్నెండు పూలజాడీలనూ, వధూవరుల కుర్చీలకు రెండు పక్కలా నిలబెట్టే పెద్ద కూజాలనూ, గుమ్మంలో పెట్టే ఇత్తడి బిందెనూ మాత్రం ఇంట్లోవాళ్ళమే అలంకరించాలని చెల్లెలు పట్టుబట్టింది. బంతి, చామంతి, గులాబీలతో సరిపెట్టకుండా, ఆ రోజుల్లో మా చుట్టుపక్కల దొరికే పండ్ల రెమ్మలు, కాయల గుత్తులు, ఎండిన కంకులు కూడా కలపాలన్నది దాని కోరిక. అది నాకు ఫోనులో చూపించిన బొమ్మలన్నింటిలోనూ పూల మధ్య గోళీల కంటే చిన్నవైన ఎర్రని కాయలు గుత్తులుగా మెరుస్తున్నాయి. అవి హైపెరికం కాయలనీ, కావాలంటే కోల్‌కతా నుంచి తెప్పించాలనీ బరంపురంలో పూలు అమ్మే ఒకాయన చెప్పారు. ధర విన్నాక ఆ ఆలోచన మానుకున్నాను.

కార్తీకంలో నిశ్చితార్థం జరిగినప్పుడు నేనొక ప్రయోగం చేసి భంగపడ్డాను. మా పెరట్లో బచ్చలి పందిరి నిండా నల్లగా నిగనిగలాడే పళ్ళు వేలాడుతుంటే, ఆ తీగలను మూరెడేసి ముక్కలుగా కోసి, తెల్ల చామంతుల మధ్య నుంచి జాడీ అంచు మీదుగా కిందికి జారేలా అమర్చాను. ఉదయం చూసినవారందరూ మెచ్చుకున్నారు. తాంబూలాలు మార్చుకునే వేళకు సగం పళ్ళు బల్లగుడ్డ మీద రాలి ఉన్నాయి. ఎవరో చూసుకోకుండా వాటి మీద వెండిపళ్ళెం దించారు. దాన్ని ఎత్తేసరికి గుడ్డ మీద అరచేయంత ఊదారంగు మరక, మా మేనత్తగారి గంధపురంగు పట్టుచీర కుచ్చెళ్ళ మీద మరో నాలుగు చుక్కలు కనిపించాయి. అదే రోజు మరో జాడీలో పెట్టిన రేగుకొమ్మ ఆకులు రెండు గంటల్లో వాడి ముడుచుకుపోవడంతో కాయలు వాటి చాటున పడిపోయాయి.

అందువల్ల అనుభవమున్నవారిని అడుగుతున్నాను. మాఘంలో దొరికే వాటిలో రాలకుండా, మరక పడకుండా కనీసం రెండు రోజులు నిలిచేవి ఏవి? ఎప్పుడు కోయాలి, ఎలా నిలబెట్టాలి? చెల్లెలికి గురివింద తీగ మీద ప్రత్యేకంగా మనసుంది. విచ్చుకున్న కాయల్లో ఎర్రని గింజలు కనిపించే తీగను కూజాకు చుట్టవచ్చునా?

జవాబు — పూలబండి, బరంపురం

నమస్కారమండీ. పదిహేనేళ్ళుగా పెళ్ళిళ్ళకూ సభలకూ పూల అలంకరణ చేస్తున్నాను. మీ బచ్చలిపళ్ళ కథ చదివి నవ్వలేకపోయాను, ఎందుకంటే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేరేడు కొమ్మలతో నేను చేసిన నష్టం అంతకంటే పెద్దది.

మనం నోరూరి కోసుకునే పండు జాడీకి పనికిరాదన్న సంగతిని మొదట గుర్తు పెట్టుకోవాలి. పూర్తిగా పండేసరికి తొడిమ దగ్గరి కణాల పొర వదులై, చిన్న కదలికకే పండు రాలిపోయేలా చెట్టే ఏర్పాటు చేసుకుంటుంది. రంగు తిరగడం మొదలై, వేలితో నొక్కితే ఇంకా గట్టిగానే ఉన్న దోరకాయ అయితే కొమ్మను అంత తొందరగా వదలదు. హైపెరికానికి పూల వ్యాపారంలో అంత గిరాకీ ఉండటానికి కారణం కూడా ఇదే. పూరేకులు రాలిన తరువాత మిగిలే ఆ కాయ గట్టిగా ఉంటుంది, రసం కారదు, కాడను పట్టుకొని వదలదు. ఎరుపు, ఆకుపచ్చ, లేత నారింజ, తెలుపు రంగుల్లో దొరుకుతుంది. కెన్యా వంటి దేశాల్లో దాన్ని ఎగుమతి కోసమే పెంచుతారు. ఆ మూడు గుణాలూ ఉన్నదాన్ని మన దగ్గరే వెతుక్కుంటే హైపెరికం లేని లోటు తెలియదు.

మాఘానికి నా మొదటి ఎంపిక రేగు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగు కాయలు పక్కపక్కన ఉండే కాలం అది. ఆ మూడు రంగులూ ఉన్న కొమ్మకు పక్కన మరో రంగు పువ్వే అక్కరలేదు. మీరు పొరబడింది ఆకుల దగ్గర. కోసిన కొమ్మ నీటిని పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువగా ఆకులు ఆవిరి చేసేస్తాయి. చివర రెండు మూడు ఆకులను మాత్రం ఉంచి, మిగిలిన వాటిని కత్తెరతో తీసివేయండి; ముళ్ళను కూడా అప్పుడే కత్తిరించండి. లాగి పీకితే బెరడు లేచి, కాయ తొడిమలు కదిలిపోతాయి.

రెండవది ఉసిరి. సన్నని పుల్లకు రెండు పక్కలా అతుక్కొని ఉండే ఆ కాయలు దీపాల వెలుగులో లోపలి గీతలు కనిపించేటంత తేటగా ఉంటాయి. ఉసిరి ఆకు ఎలాగూ ఒక రోజులో రాలి బల్లంతా చెత్త చేస్తుంది కనుక, ముందే దూసేసి కాయలతో ఉన్న వట్టి కొమ్మనే వాడండి. జాఫ్రా చెట్టు మీకు అందుబాటులో ఉంటే దాని కాయలను వదులుకోకండి. మెత్తని ముళ్ళతో ఎర్రగా ఉండే ఆ గుత్తులు ఎండినా వారాల తరబడి ఆకారం చెడకుండా ఉంటాయి. అయితే విచ్చుకోని కాయలనే ఎంచుకోవాలి, ఎందుకంటే లోపలి గింజలది రంగు అద్దకానికి వాడే రంగు. మీ మేనత్తగారిని రెండోసారి ఇబ్బంది పెట్టకూడదు కదా. ఎత్తు కోసం కొండచీపురు కంకులు సరిపోతాయి. ఆ రోజుల్లోనే అవి కొండల మీద నుంచి దిగుతాయి. చీపుర్లుగా కట్టకముందే, కంకి ఇంకా లేత ఊదా ఛాయలో ఉండగా తీసుకోవాలి.

కోసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. కట్టెబారిన కొమ్మ చివరను సుత్తితో చితక్కొట్టమని పాతకాలపు డెకరేషన్ పనివారు చెబుతుంటారు. దాని వల్ల నీరెక్కే నాళాలు నలిగి, కొమ్మ చివర త్వరగా కుళ్ళుతుంది. పదునైన కత్తితో ఏటవాలుగా కోసి, చివర నుంచి ఒక అంగుళం మేర నిలువుగా చీల్చి, బకెట్టు నీటిలో సగం కొమ్మ మునిగేటట్లు రాత్రంతా నీడలో ఉంచండి. పెళ్ళికి ముందురోజు ఉదయం కోసి, సాయంత్రం దాకా అలా ఉంచినా చాలు.

అమర్చేటప్పుడు కాయలను జాడీ అంతటా ఒక్కొక్కటిగా చల్లవద్దు. అలా చేస్తే పూలకు చీడ పట్టినట్టుగా కనిపిస్తుంది. ఒక జాడీకి ఒకటో రెండో గుత్తులు, అవి కూడా జాడీ అంచుకు దగ్గరగా, కాస్త పక్కకు ఒరిగినట్టుగా పెట్టండి. కాయకు బరువుంటుంది గనుక పైన పెడితే మొత్తం అమరిక ముందుకు తూలుతుంది. పన్నెండు జాడీలకూ, కాడలు గుచ్చి నిలబెట్టే ఫోమ్ దిమ్మలను నీళ్ళలో నానబెట్టి వాడుకుంటే మీకు పని సులువవుతుంది. దిమ్మను నీటి మీద వదిలి, అదే మునిగేదాకా ఆగాలి. చేత్తో ముంచితే లోపల గాలి చిక్కుకొని మధ్యభాగం పొడిగా మిగిలిపోతుంది.

జవాబు — ఆకుపచ్చ నోటుబుక్కు, రాయగడ

నేను వృక్షశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. అలంకరణలో నాకు నైపుణ్యం లేదు. కానీ ఈ ప్రశ్నలో గురివింద పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను.

దయచేసి భోజనాల హాల్లోకి గురివిందను తీసుకురావద్దు. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పైపొర చాలా గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు హాని చేయకుండానే బయటికి పోవచ్చు గాని, నమిలినప్పుడూ, గుచ్చడానికి తొలిచినప్పుడూ ఆ రక్షణ ఉండదు. ఎర్రగా, నల్ల బొట్టుతో, మిఠాయిలా కనిపించే గింజ పసిపిల్లల చేతి ఎత్తున ఉన్న బల్ల మీద రాలితే ఏమవుతుందో ఊహించుకోండి. కంసాలులు తూకానికి వాడిన గింజే కదా అని పెద్దలు తేలికగా తీసుకుంటారు. వారు దాన్ని త్రాసులో వేశారే గాని నోట్లో వేసుకోలేదు. గురివింద తన కింద నలుపెరుగదన్న సామెత మనకు ఎలాగూ ఉంది, దాని లోపలి సంగతిని మనమైనా ఎరిగి ఉండాలి.

ఇదే కారణంతో ఎర్ర ఆముదపు గెలలు, పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్తకాయలు, పులికంప గుత్తులు కూడా ఆహారం ఉన్న చోటికి రాకూడదు. ఎర్ర ఆముదపు గెల నిజంగానే అందంగా ఉంటుంది. కొందరు డెకరేషన్ వారు దాన్ని వాడటం నేను చూశాను. అయినా దాని గింజలోని రైసిన్ కూడా అబ్రిన్ కోవకు చెందినదే. చెల్లెలిగారికి ఆ ఎరుపూ నలుపూ కలిసిన రంగే కావాలంటే జాఫ్రా గుత్తుల పక్కన నల్లగా ఎండిన ఏదైనా గింజకంకిని పెట్టి సర్దుకోవచ్చు.

రెండవ విషయం వాయువుకు సంబంధించినది. పండుతున్న అరటి, జామ వంటి పండ్ల నుంచి ఎథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. దానికి కార్నేషన్లు, ఆర్కిడ్లు చాలా త్వరగా లొంగిపోతాయి. కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకొని మొగ్గలా మారడాన్ని పూలవాళ్ళు పువ్వు నిద్రపోయిందంటారు. అది మళ్ళీ మేలుకోదు. మీ చామంతులకూ జెర్బెరాలకూ అంత భయం లేదు. అయినా పూలనూ పండ్లగెలలనూ ముందురాత్రి ఒకే గదిలో తలుపులు మూసి ఉంచకండి. పెళ్ళి ఇంట్లో సాధారణంగా జరిగేది అదే: గెలలూ, పళ్ళబుట్టలూ, పూలబుట్టలూ అన్నీ ఒక చల్లని గదిలోకి చేర్చి తాళం వేస్తారు.

చీమల గురించి ఎవరూ రాయలేదు. రేగుపండు మీద చిన్న గాటు పడినా రాత్రికి చీమల బారు తయారవుతుంది. అందువల్ల కాయలకు పుల్ల గుచ్చి నిలబెట్టకండి.

జవాబు — పెద్దవీధి గుమ్మం, పర్లాకిమిడి

అమ్మాయీ, మీ చెల్లెలికి నా ఆశీస్సులు. పూలబండిగారు చెప్పిన వాటిలో చాలావరకు నాకు నచ్చాయి గాని ఫోమ్ దిమ్మల సంగతి ఒప్పుకోలేను. ఆ దిమ్మ పెళ్ళయిన మర్నాడు పొడిపొడిగా రాలి మా ఇంటి వెనుక కాలువలో చేరడం చూశాను. అది మట్టిలో కలిసే వస్తువు కాదు.

మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో శుభకార్యాలకు అరటిబోదెనే వాడుతున్నాము. గెల కొట్టేసిన చెట్టు బోదెను జాడీ లోతుకు సరిపడా కోసి, పై పట్టలు రెండు ఒలిచి, మొన తేలిన వెదురుపుల్లతో రంధ్రాలు చేసి, ఒక్కొక్క రంధ్రంలో ఒక్కొక్క కాడ దింపుతాము. అందులో ఉండే నీరే పూలకు ఒక పూట, ఒక్కొక్కసారి రెండు పూటలు సరిపోతుంది. బరువైన ఉసిరికొమ్మను కూడా అది కదలకుండా పట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కోసిన వెంటనే బోదె నుంచి కారే రసం గుడ్డకు తగిలితే గోధుమరంగు మరక పడుతుంది. ఏ చాకిరేవులో ఉతికినా అది పోదు. బచ్చలి మరకతోనే బెంగపడ్డ మీకు అరటి మరక సంగతి ముందే చెప్పడం మంచిది. ముక్కలను ముందురోజు సాయంత్రమే కోసి, గోడకు ఏటవాలుగా ఆనించి, రసం కారిపోయాక తడిగుడ్డతో తుడిచి, పళ్ళెంలో పెట్టి వాడుకోండి.

కాయలను వేలాడదీసే విషయంలో మనకు కొత్తగా ఎవరూ నేర్పవలసిన పని లేదు. వినాయక చవితికి పాలవెల్లి కట్టేటప్పుడు వెలక్కాయనూ, జామకాయనూ, దానిమ్మనూ, మొక్కజొన్నపొత్తునూ ఎలా కడతామో గుర్తు చేసుకోండి. కాయకు పుల్ల గుచ్చరు, తొడిమకే దారం కడతారు. తొడిమ ఊడిన కాయను నైవేద్యానికి పక్కన పెడతారు. నోటుబుక్కుగారు చెప్పిన చీమల బాధకు ఆ పద్ధతిలోనే విరుగుడు ఉంది. విడిగా దొరికిన రేగుకాయలైతే తొడిమలున్నవి ఏరి, ఏడెనిమిదింటిని కొబ్బరి ఈనెకు సన్నని ఆకుపచ్చ దారంతో చుట్టుకుంటూ పోతే కొమ్మను కోయకుండానే గుత్తి తయారవుతుంది.

కొమ్మలు కోయడం గురించి కూడా చెప్పాలి. గుమ్మ అనే ఊరి వైపు కొండల నుంచి సంతకు దిగే సవర మహిళలు ఉసిరికాయలు, కొండచీపురు తెస్తారు. వారం ముందుగా వారికి చెప్పి, కాయలను కొమ్మతో సహా తెమ్మని కోరండి. కిలో లెక్కన కాకుండా కొమ్మకు ఇంతని ధర మాట్లాడుకోండి, ఎందుకంటే కొమ్మతో మోయడం వారికి బుట్టలో మోయడం కంటే కష్టం. కుర్రాళ్ళను బండి మీద అడవికి పంపి చెట్లను విరిపించడం నాకు ఇష్టం లేదు.

గుమ్మంలోని బిందెకు వరికంకులకు మించినది లేదు. ఇక్కడ మార్గశిరంలో మాణబస గురువారాలకు కొత్త ధాన్యాన్ని మానికలో పోసి లక్ష్మీదేవిని పూజిస్తారు, మనవాళ్ళం కూడా ఆ లక్ష్మివారాలను వదలము. కనుక కంకులు దాచుకోవడానికి అదే అదను. పొలంలో పూర్తిగా పండి ఎండిన కంకి ముట్టుకుంటే గింజ రాలుతుంది. కంకి బంగారురంగులోకి తిరిగి, కాడలో ఇంకా పచ్చదనం ఉండగానే కోసి, పిడికెడేసి కట్టలుగా కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. అలా ఎండిన కాడ నిటారుగా నిలుస్తుంది. ఎలుకలకు అందకుండా చూసుకోవడం మీ వంతు.

జవాబు — పూలబండి, బరంపురం

అమ్మగారి మాటకు ఎదురు చెప్పను. ఫోమ్ 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ కనిపెట్టినప్పటి నుంచి మా వృత్తిని చాలా సులువు చేసిన మాట నిజమే అయినా, అది ప్లాస్టిక్ జాతిదేనని మాకూ తెలుసు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. నేను ఇంకా వాడుతున్నది కేవలం తొందర వల్ల. ఒకే రోజు మూడు పెళ్ళిళ్ళు ఉన్నప్పుడు బోదెలు కోసి, ఆరబెట్టి, రంధ్రాలు చేసే మనుషులు దొరకరు. ఇంట్లోవాళ్ళే పన్నెండు జాడీలు చేసుకుంటున్నప్పుడు బోదె చక్కగా సరిపోతుంది. పెద్ద కూజాలకు మాత్రం కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుపవలను బంతిలా చుట్టి లోపల దించి, దాని కళ్ళలో కొమ్మలు దూర్చండి. రేగు, ఉసిరి వంటి బరువు కొమ్మలకు లోతైన నీరు కావాలి.

పొలంలో దొరికేవి పెట్టడం పల్లెటూరి పనని మీ వియ్యాలవారు అనుకుంటారేమోనన్న సందేహం ఉంటే, 1953లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకానికి పూల అలంకరణ చేసిన కాన్‌స్టన్స్ స్ప్రై కంచెల మీది అడవికాయలనూ, కూరగాయల ఆకులనూ కలిపి అలంకరించడంలోనే పేరు తెచ్చుకున్నారని వారికి చెప్పండి.

ప్రశ్నించినవారు — వంశధార ఒడ్డు, గుణుపురం

అందరికీ కృతజ్ఞతలు. భోగికి ముందు వారం ఒక ఇత్తడి చెంబులో బోదెముక్క పెట్టి పరీక్షించి చూశాను. పసుపు చామంతులు తొమ్మిది, ఆకులు తీసిన రేగుకొమ్మలు రెండు, ఉసిరికొమ్మ ఒకటి, వెనుక నాలుగు వరికంకులు వాడాను. మొదటి రోజున ఒక్క కాయా రాలలేదు. రెండవ రోజు సాయంత్రానికి పసుపు రేగుకాయల మీద ఇటుకరంగు మచ్చలు పాకాయి. నిజానికి అప్పుడే అది మరింత బాగుంది. మూడవ రాత్రి బల్లకోడు వెంట చీమలు వచ్చాయి. వెతికితే నేను ముల్లు కత్తిరిస్తూ గాటు పెట్టిన కాయ ఒకటి కనిపించింది. దాన్ని తీసివేసి, చెంబును నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాక మళ్ళీ రాలేదు. ఉసిరికాయలు అయిదవ రోజుకు కూడా గట్టిగానే ఉన్నాయి గాని, బోదె మాత్రం నాలుగవ రోజున వాసన పట్టింది. గురివింద మాట చెల్లెలు మానుకుంది. నోటుబుక్కుగారి జవాబును నేను చదివి వినిపించవలసి వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. పెద్ద బిందెలో నేరుగా నీరు పోసి కొమ్మలు పెట్టాలనుకుంటున్నాము. నీరు చెడకుండా లీటరుకు పావుచెంచా బ్లీచింగ్ ద్రావణం కలపమని ఇక్కడి డెకరేషన్ కుర్రాడు చెప్పాడు. ఇత్తడికి అది సరిపడుతుందా?

జవాబు — ఆకుపచ్చ నోటుబుక్కు, రాయగడ

గాజు జాడీలకు ఆ పాళ్ళు సరిపోతాయి. ఇత్తడిని మాత్రం క్లోరిన్ తినివేస్తుంది. లోపలివైపు మచ్చలు పడితే పోవు. బిందె మూతిలోంచి దిగే ప్లాస్టిక్ డబ్బాను లోపల పెట్టి, నీటినీ మందునూ అందులోనే పోయండి. డబ్బా అంచు కనిపించకుండా బిందె మూతి చుట్టూ ఉసిరికొమ్మలను వంచితే సరి.